చిరునామా పట్టీలో సత్యము నిలుచుట యెట్లు?

నందిగామ అను పేరుగల ఊరు ఒక్కటే కాదు. విజయవాడనుండి హైదరాబాదు పోవు రహదారిపై ఒక నందిగామ కలదు. తెలంగాణలో రంగారెడ్డి జిల్లాలో మరియొక నందిగామ కలదు. కార్డుపై ఊరి పేరు మాత్రమే వ్రాసి తపాలా డబ్బాలో వేసినచో అది ఏ నందిగామకు చేరునో చెప్పలేము. ఈ చిక్కును తీర్చుటకే తపాలాశాఖవారు 1972 ఆగస్టు 15 నుండి పిన్ కోడ్ అను ఆరంకెల సంఖ్యను వాడుకలోనికి తెచ్చిరి. 521185 అని వ్రాసినచో అది మన మెట్టప్రాంతపు నందిగామయే. 521175 అని వ్రాసినచో అది జగ్గయ్యపేట. పేరు సందేహమునకు తావిచ్చును, అంకె ఇయ్యదు.

కాని ఇందొక నియమము ఇమిడియున్నది. ఏ అంకెను ఏ ఊరికి ఇచ్చిరో ఒక పట్టీలో సరిగా వ్రాసియుండవలెను. పట్టీ తప్పినచో అంకె పేరుకంటె ప్రమాదకరమైనది. ఏలయన, పేరును చూచినప్పుడు మనము అనుమానింతుము. అంకెను చూచినప్పుడు నమ్ముదుము.

నేడు మన పాఠశాలలకు, బ్యాంకులకు, ఇండ్లకు వచ్చుచున్న ఇంటర్నెట్ కూడ అంకెలమీదనే నడచుచున్నది. ఆ అంకెలను ఎవరికిచ్చిరో తెలుపు పట్టీ యొకటి కలదు. ఆ పట్టీ సత్యముగా ఉండవలెనని అందరును ఒప్పుకొందురు. దానిని సత్యముగా ఉంచుటకు ఏర్పరచిన నియమములు ఆ పనిని నిజముగా చేయుచున్నవా యనునదే ఈ వ్యాసమున మనము విచారింపదలచిన విషయము.

అంకెలు, వాటి వంశవృక్షము

1981 సెప్టెంబరులో ప్రకటింపబడిన ప్రమాణము ప్రకారము ఇంటర్నెట్ చిరునామా అనగా సున్న, ఒకటి అను రెండు గుర్తులతో 32 స్థానములలో వ్రాయబడు అంకె. అట్టి అంకెలు మొత్తము 4,29,49,67,296 మాత్రమే సాధ్యము. అనగా సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటినది కనుక మనిషికొకటి చొప్పున పంచుటకైనను ఇవి చాలవు. దీనిని ఐ.పి.వి. 4 అందురు. 128 స్థానములుగల ఐ.పి.వి. 6 అను క్రొత్త పద్ధతి తరువాత వచ్చినది. ఇప్పుడు రెండును ప్రక్కప్రక్కన నడచుచున్నవి.

ఒకే అంకెను ఇద్దరు వాడినచో సందేశములు దారి తప్పును. కావున ఎవరికి ఏ అంకె ఇచ్చిరో వ్రాయుట మొదటినుండియు తప్పనిసరియైనది. అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ పోస్టెల్ (1943–1998) తొలి దశాబ్దములలో ఈ పట్టీని కాపాడెను. యంత్రములు పెరిగిన కొలది పని ఒక్కరివలన కాక, ఖండములవారీగా రిజిస్ట్రీలు ఏర్పడినవి. ఐరోపాకు 1992లోను, ఆసియా పసిఫిక్ మండలమునకు 1993లోను, ఉత్తర అమెరికాకు 1997లోను ఇవి వెలసినవి. లాటిన్ అమెరికా, ఆఫ్రికా రిజిస్ట్రీలు తరువాత వచ్చినవి. మన మండలపు రిజిస్ట్రీ పేరు ఏప్నిక్. దాని క్రింద మన దేశమునకై, 2003లో ఏర్పడిన నిక్సీ అను సంస్థ ఆధ్వర్యమున, 2012 నుండి ఇరిన్ అను జాతీయ రిజిస్ట్రీ పనిచేయుచున్నది.

ఇరిన్ ఒక ఇంటర్నెట్ కంపెనీకి అంకెల గుంపును ఇచ్చును. ఆ కంపెనీ అందుండి కొన్నిటిని ఒక పట్టణపు కేబుల్ నిర్వాహకునకు ఇచ్చును. అతడు ఇండ్లకు, దుకాణములకు ఇచ్చును. ఈ మెట్లలో ప్రతి మెట్టునందును ఒక వ్రాత ఉండవలెను. పై మెట్ల వ్రాతలను ఎవరైనను చూడవచ్చును. అట్లు అడుగు పద్ధతికి హూయిజ్ అని పేరు. ‘ఎవరు?’ అని దాని అర్థము. 1996లో వెలువడిన మార్గదర్శక పత్రమందును, దాని స్థానమున 2013లో వెలువడిన పత్రమందును రిజిస్ట్రీల ముఖ్య లక్ష్యములలో నమోదును ఒకటిగా చెప్పిరి. రెండవదానిలో ఆ నమోదు సత్యముగా ఉండవలెనని స్పష్టముగా పేర్కొనిరి.

తప్పు వ్రాతకు మూల్యము

పట్టీ తప్పినంత మాత్రమున ఏమి మునుగునని కొందరు అనుకొనవచ్చును. మూడు ఉదాహరణములు చూతము.

2008 ఫిబ్రవరి 24న పాకిస్థాన్‌లోని ఒక టెలికం సంస్థ, యూట్యూబునకు చెందిన అంకెలకు దారి తన వద్ద కలదని ప్రకటించెను. ఆ దేశములోపల మాత్రమే ఉండవలసిన ఆ ప్రకటన వెలుపలికి పొక్కి, సుమారు రెండు గంటలపాటు ప్రపంచమున అనేకులకు యూట్యూబు అందకపోయెను. ఇట్టి సమయమున ఇంజనీరు మొదట వెదకునది పట్టీనే. ఈ అంకెలు ఎవరివి, ఎవరికి ఫోను చేయవలెను అని చూచును. అచ్చట పదేండ్ల క్రిందట ఉద్యోగము విడిచినవాని పేరున్నచో గంటలు వ్యర్థమగును.

రెండవది మన దేశమున జరిగినది. 2007లో ఆర్కుట్ అను సామాజిక వేదికపై శివాజీ మహారాజును అవమానించు చిత్రమును పెట్టినాడని బెంగుళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకనిని పూనా పోలీసులు నిర్బంధించిరి. ఆ చిత్రము ఏ అంకెనుండి వచ్చెనో దానిని బట్టి ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన వివరమే ఆధారము. ఆ వివరము తప్పు. అతడు సుమారు 50 దినములు నిరపరాధిగా చెరలో నుండెను. ఒక వరుస తప్పుగా చదివినందుకు ఒక మనిషి చెల్లించిన మూల్యమిది.

మూడవది అమెరికాలో 2016లో వెలుగులోనికి వచ్చెను. అంకెనుబట్టి ఊరు చెప్పు వ్యాపారము చేయు ఒక సంస్థ, ఏ ఊరో తెలియని అమెరికా అంకెలన్నిటికిని దేశపు నడిమి స్థానమును గుర్తుగా వేసెను. ఆ గుర్తు కాన్సస్ రాష్ట్రమున ఒక పొలము వాకిట పడెను. అట్లు 60 కోట్లకు మించిన అంకెలు ఆ ఒక్క ఇంటికి అంటగట్టబడినవి. నేరములను వెదకువారు ఏండ్ల తరబడి ఆ ఇంటి తలుపు తట్టిరి. తప్పు రిజిస్ట్రీది కాకపోవచ్చును. కాని ‘తెలియదు’ అని వ్రాయవలసిన చోట ఏదో యొకటి వ్రాసిన ఫలితమెట్లుండునో ఇది చూపుచున్నది.

జగ్గయ్యపేటనుండి చూచినచో

ఇప్పుడు మన ఊరికి వత్తము. జగ్గయ్యపేటలో ఒక విద్యార్థి తన ఇంటి ఇంటర్నెట్ అంకెను హూయిజ్‌లో అడిగినాడనుకొందము. సామాన్యముగా కనబడునది ఒక పెద్ద కంపెనీ పేరు, ఒక మహానగరములోని దాని కార్యాలయపు చిరునామా. జగ్గయ్యపేట పేరు కనబడకపోవుటయే సహజము. ఆసియా పసిఫిక్ మండలమున 2004 నుండి, కంపెనీలు తమ వాడుకరులకు ఇచ్చిన అంకెల వివరములను బహిరంగముగా చూపవలెనను నిర్బంధము లేదు. ఇది దోషమని వెంటనే అనరాదు. ఇంటివారి పేరు, వీథి లోకమునకంతటికి చూపుట ప్రమాదకరము. అమెరికాలో సైతము ఎనిమిదికాని అంతకు మించికాని అంకెలను ఒకరికి ఇచ్చినచో ఏడు దినములలో నమోదు చేయవలెనను నియమమున్నను, గృహస్థుల పేర్లను దాచుటకు వీలు కల్పించిరి.

కాని ఇంకొక చిక్కు కలదు. అంకెలు చాలనందున ఒక వెలుపలి అంకెను అనేక ఇండ్లకు కలిపి ఇచ్చుచున్నారు. ఒక అంకెకు 65,536 పోర్టులు, అనగా ద్వారములు, ఉండును. మొదటి 1,024 ద్వారములను విడిచినచో 64,512 మిగులును. వీనిని 64 ఇండ్లకు సమముగా పంచినచో ఇంటికి 1,008 ద్వారములు వచ్చును. అప్పుడు ఆ అంకె ఒక ఇంటిది కాదు, ఒక వీథిది. ఏ ఇంటిదో తేల్చుటకు అంకెతోపాటు ద్వార సంఖ్య, ఖచ్చితమైన కాలము రెండును కావలెను.

కాలము విషయమున పొరపాటు ఎంత సులభమో చూడుడు. అనేక యంత్రములు అంతర్జాతీయ కాలమునే వ్రాయును. మన గడియారము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందుండును. రాత్రి 8 గంటలని యంత్రము వ్రాసినదానిని మన కాలముగా చదివినచో, నిజముగా అర్ధరాత్రి దాటి 1 గంట 30 నిమిషములకు ఆ అంకెను వాడినవానికి బదులు, సాయంకాలము పాఠము చదువుకొనుచున్న మరియొక ఇంటి బాలుని పట్టుకొందుము. పట్టీలోని ప్రతి అక్షరము నిజమే. చదువుటలో మాత్రమే తప్పు. కావున సత్యమైన నమోదు అనగా పేరు, ఊరు మాత్రమే కాదు. ఎప్పటినుండి ఎప్పటివరకు అనునది కూడ అందు చేరవలెను.

ఉత్తరమునకు జవాబు సత్యమునకు సాక్ష్యమా?

రిజిస్ట్రీలు ఇప్పుడు పట్టీని సరిచూచు ప్రధాన పద్ధతి చాల సరళమైనది. ఉత్తర అమెరికా రిజిస్ట్రీ ప్రతి సంవత్సరము పట్టీలోని వ్యక్తులకు ఈ-మెయిలు పంపి, మీ వివరములు సరియేనా యని అడుగును. జవాబు రానిచో ఆ వ్రాతప్రక్కన ఆ సంగతిని తెలుపు గుర్తు వేయును. ఏప్నిక్ 2019 నుండి ఫిర్యాదులు స్వీకరించు చిరునామాలను ఆరు నెలలకొకసారి పరీక్షించుచున్నది. ఈ పద్ధతిని తీసివేయరాదు. మృతమైన చిరునామాలను ఇది బయటపెట్టును. మరచిపోయినవానికి ఇది జ్ఞాపకము చేయును.

కాని దీనికొక హద్దు కలదు. మరచినవానిని ఇది పట్టుకొనును, మోసగానిని పట్టుకొనలేదు. ఉత్తరమునకు జవాబిచ్చుట మోసగానికి కష్టము కాదు. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రమునకు చెందిన ఒక వ్యాపారి, లేని అధికారుల పేర్లతో అనేక కంపెనీలను కల్పించి, ఉత్తర అమెరికా రిజిస్ట్రీనుండి సుమారు 7,57,760 అంకెలను సంపాదించెనని 2019లో అభియోగము మోపబడెను. 2021లో అతడు నేరము ఒప్పుకొనగా 2023లో అయిదేండ్ల శిక్ష విధింపబడెను. పట్టీలో ప్రతి గడియు నిండియుండవచ్చును. నిండినంత మాత్రమున అది సత్యము కాదు.

అంతకంటె విచారింపదగినది ఆఫ్రికా రిజిస్ట్రీ అనుభవము. అచ్చట సుమారు 41 లక్షల అంకెల వ్రాతలు అక్రమముగా మార్చబడినవని 2019లో వెల్లడికాగా, ఆ సంస్థయే తన పట్టీని తనిఖీ చేయించి 2021లో నివేదిక ప్రకటించెను. మార్చుటలో సంస్థలోని వాని చేయి కూడ ఉండెను. వాడుకరిని తనిఖీ చేయు నియమములు ఎన్ని యున్నను, పట్టీ వ్రాయువానిని తనిఖీ చేయువాడు లేకున్నచో ఏమగునో దీనివలన తెలియుచున్నది. 1984లో రద్దగువరకు మన గ్రామములలో కరణముల వద్ద దస్త్రములుండిన దినములను ఎరిగిన పెద్దలకు ఇది క్రొత్త పాఠము కాదు. కరణము మంచివాడైనచో దస్త్రము మంచిది.

2022 నాటి భారత ఆదేశము

మన దేశమున ఈ విషయమై వచ్చిన మిక్కిలి కఠినమైన నియమము 2022 ఏప్రిల్ 28 నాటిది. కంప్యూటరు ఆపదలను చూచు ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్, సమాచార సాంకేతిక చట్టము 70బి విభాగము క్రింద దీనిని జారీచేసెను. సర్వర్లను అద్దెకిచ్చువారు, వి.పి.ఎన్. సేవలు నడపువారు తమ వాడుకరులను గూర్చి ఏడు విధముల వివరములను సత్యముగా నమోదు చేయవలెను. పేరు, అద్దెకాలము, ఇచ్చిన అంకెలు, చేరినప్పటి ఈ-మెయిలు, అంకె, కాలము, ప్రయోజనము, చిరునామా, యాజమాన్యపు తీరు అనునవి అవి. వాడుకరి విడిచిపోయిన తరువాత కూడ అయిదేండ్లు వీనిని భద్రపరచవలెను. ఉల్లంఘించినవారికి కారాగారమువరకు శిక్ష కలదు.

ఈ ఆదేశమున మంచిని మొదట చెప్పవలెను. అద్దెకాలమును తేదీలతో వ్రాయుమనుట సరియైనది. అన్ని యంత్రముల గడియారములను జాతీయ ప్రామాణిక కాలముతో కలుపుమనుట మరింత సరియైనది. 5 గంటల 30 నిమిషముల పొరపాటునకు ఇది తగిన మందు.

ఇక దోషములు. మొదటిది, అడిగిన వివరములన్నియు ఒకే తరగతికి చెందినవి కావు. అంకె, కాలము అనునవి కంపెనీ స్వయముగా ఎరుగును. ‘ఏ ప్రయోజనమునకు’ అనునది వాడుకరి చెప్పిన మాట మాత్రమే. దొంగ ఆ గడిలో ‘చదువు కొరకు’ అని వ్రాయును. సరిచూడలేని గడిని పట్టీలో చేర్చుట పట్టీకి బలము కాదు, బరువు. రెండవది, ఈ భారము ఫలితముగా 2022లోనే కొన్ని పెద్ద వి.పి.ఎన్. సంస్థలు తమ సర్వర్లను భారతదేశమునుండి తొలగించెను. వానిలో ఒకటి భారతదేశపు అంకెలను మాత్రము విడువక, యంత్రములను సింగపూరులోను, బ్రిటనులోను ఉంచి నడపెదనని బహిరంగముగా తెలిపెను. అనగా పట్టీలో భారతదేశము, యంత్రము పరదేశము! సత్యము కొరకు చేసిన నియమము, పట్టీకిని వస్తువునకును దూరమును పెంచెను. మూడవది, తన పేరున తప్పు వ్రాత ఉన్నదని అనుమానించు వాడుకరి దానిని చూచుకొని దిద్దించుకొను మార్గమును ఆ ఆదేశము చెప్పలేదు. దిద్దుబాటు కోరు హక్కునకు 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున చోటు కల్పించిరి. ఆ రెంటిని కలిపి ఆలోచింపవలసియున్నది.

పూర్వము పట్టీని నిలిపినదేది?

ఒక ప్రశ్న వేసికొందము. 1990లలో, 2000 తరువాతి తొలి దశాబ్దమున ఈ పట్టీ కొంత మెరుగుగా నుండుటకు కారణమేమి? అప్పుడు శిక్షలు అధికముగా లేవు. కాని ఒక అవసరముండెను. క్రొత్త అంకెలు కావలసిన కంపెనీ, పూర్వము తీసికొన్నవానిలో సామాన్యముగా నూటికి 80 వంతులు వినియోగించినట్లు చూపవలెను. చూపుటకు నమోదులే సాక్ష్యము. నమోదు చేయనివానికి క్రొత్త అంకెలు లేవు. కావున ఎవరును బలవంతపెట్టకయే కంపెనీలు పట్టీని నింపెడివి.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండారములోని చివరి ఐ.పి.వి. 4 గుంపులు అయిదు రిజిస్ట్రీలకు పంచబడినవి. అదే సంవత్సరము ఏప్రిల్ 15న ఏప్నిక్ తన చివరి గుంపునకు వచ్చెను. ఉత్తర అమెరికాలో 2015 సెప్టెంబరు 24న భాండారము వట్టిపోయెను. అడుగుటకు అంకెలే లేనప్పుడు రిజిస్ట్రీ గుమ్మమునకు మరల వచ్చువారెవరు? రానివాడు పట్టీని దిద్దడు. పట్టీ చివుకుటకు మూలకారణము మానవ దుర్మార్గము కాదు. పట్టీతో మానవునకు పని లేకపోవుటయే.

ఐ.పి.వి. 6లో ఈ చిక్కు ఇంకను పెద్దది. ఒక కంపెనీకి సామాన్యముగా ఇచ్చు గుంపునుండి, గృహమునకు తగిన వాటా చొప్పున 1,67,77,216 ఇండ్లకు పంచవచ్చును. అట్టి కంపెనీ దశాబ్దములపాటు రిజిస్ట్రీ ముఖము చూడనక్కరలేదు. అంకెల కరవు పోవుట మేలే. కాని కరవుతోపాటు పట్టీని కాపాడిన అవసరము కూడ పోయినదని మరువరాదు.

మన ఊళ్ల సాక్ష్యము

శిక్షకంటె అవసరమే పట్టీని నిలుపునని మన ఊళ్లే చెప్పుచున్నవి. జగ్గయ్యపేటలోగాని, నందిగామలోగాని ఎకరము పొలము కొన్న రైతు రిజిస్ట్రారు కచేరికి ఎందుకు పోవుచున్నాడు? పోలీసులు పట్టుకొందురని కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము, నూరు రూపాయలు గాని అంతకు మించిగాని విలువగల స్థిరాస్తి విక్రయపత్రము నమోదు కానిచో, దానివలన హక్కు సంక్రమించదు. నమోదు లేనిదే కొన్నవాని పని జరుగదు. అందుచేత అతడు ఎండలో నిలుచుండి యైనను నమోదు చేయించుకొనును.

అయితే నమోదుకును తన హద్దు కలదు. పత్రము వ్రాతపడును, పొలము గట్టు ఎచ్చటనున్నదో ఎవరును చూడరు. నూరేండ్ల క్రిందటి సర్వే పటములు అట్లే యుండగా, పంపకములు, అమ్మకములు జరిగి నేలకును కాగితమునకును పొత్తు తప్పెను. ఆ పొత్తును కలుపు పని మన ప్రాంతముననే ఆరంభమైనది. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలము తక్కెళ్లపాడున రాష్ట్ర భూముల రీసర్వే ప్రారంభింపబడెను. డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతములనందుకొను స్థిరకేంద్రములతో గట్లను కొలిచిరి. ఆ ఊరు అప్పుడు కృష్ణాజిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి జగ్గయ్యపేట, నందిగామ రెండును ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినవి. పట్టీలోని వ్రాతకే హక్కు విషయమున అధిక ప్రాబల్యమిచ్చు భూహక్కుల చట్టము కూడ తరువాత వచ్చెను. కాని అధికారి వ్రాసినదే తుది మాట యగునేమో, తప్పును దిద్దించుకొను దారి మూసికొనిపోవునేమో యను భయము ప్రజలలోను, న్యాయవాదులలోను వ్యాపించెను. 2024లో ఆ చట్టము రద్దయ్యెను. పట్టీకి బలమిచ్చునప్పుడు దిద్దుబాటునకు దారి కూడ ఇయ్యవలెనని ఈ అనుభవము బోధించుచున్నది.

ఇంకను ప్రాచీనమైన సాక్ష్యమొకటి కలదు. జగ్గయ్యపేట చెంత ధనంబోడుపై నున్న బౌద్ధ స్తూపమును 1882లో బర్జెస్ పండితుడు త్రవ్వించెను. అచ్చటి స్తంభములపై శాసనము ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని 20వ పాలన సంవత్సరము నాటిది. నాకచంద్రుని కుమారుడు సిద్ధార్థుడను శిల్పి, వెలగిరి మహాచైత్యమునకు అయిదు ఆయక స్తంభములను ఇచ్చెనని అందున్నది. ఎవరు, ఎవరి కుమారుడు, ఏ ఊరివాడు, ఏమి ఇచ్చెను, ఎచ్చట, ఏ దినమున! సుమారు 1,700 ఏండ్ల క్రిందటి ఆ నమోదులో కాలము మరువబడలేదు. పైగా ఆ వ్రాత ఇచ్చిన వస్తువుమీదనే యున్నది. వ్రాతను స్తంభమునుండి విడదీయుట సాధ్యము కాదు.

కావలసినదేమి?

ఇంటర్నెట్ అంకెకును వ్రాతను అట్లే అంటించు ఉపాయమొకటి ఇప్పుడు కలదు. ఆర్.పి.కె.ఐ. అను ఈ పద్ధతికి ప్రమాణములు 2012లో వెలువడినవి. రిజిస్ట్రీ అంకెల హక్కుదారునకు ఒక డిజిటల్ ముద్రను ఇచ్చును. ‘ఈ అంకెలకు దారి చూపు అధికారము ఫలానా నెట్‌వర్కునకు మాత్రమే’ అని అతడు ఆ ముద్రతో సంతకము చేయును. దానికి విరుద్ధమైన దారి ప్రకటనను, ఈ పద్ధతిని పాటించు నెట్‌వర్కులు త్రోసిపుచ్చును. అట్లయినచో వ్రాత తప్పినవాని సందేశములే నిలిచిపోవును. అతడే పరుగెత్తివచ్చి పట్టీని దిద్దుకొనును. రిజిస్ట్రేషన్ కచేరివద్ద రైతు నిలుచుండుటకు కారణమేదో ఇచ్చటను అదియే కారణము. కాని ఈ ముద్ర ఏ నెట్‌వర్కుదో చెప్పునుగాని ఏ ఇంటిదో చెప్పదు. కావున దీనితో పని పూర్తి కాలేదు.

మిగిలిన పనికి నాలుగు సూత్రములు చాలును. మొదట, సరిచూడగల వివరములను మాత్రమే పట్టీలో ఉంచవలెను. సరిచూడనిదానిని సరిచూడలేదనియే వ్రాయవలెను. రెండవది, మెట్టును బట్టి మరుగు ఉండవలెను. సంస్థ పేరు, ఫిర్యాదు చిరునామా అందరికిని కనబడవలెను. ఇంటివారి పేరు కంపెనీవద్ద మాత్రమే, కాలముతో, ద్వార సంఖ్యతో ఉండి, చట్టప్రకారము అడిగినప్పుడు మాత్రమే బయటికి రావలెను. ఇంటర్నెట్ కంపెనీలు వాడుక నమోదులను రెండు సంవత్సరములు ఉంచవలెనని మన టెలికం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు షరతును మార్చినది. ఉంచినదానిని సరిగా చదువు శిక్షణ కూడ అంతే ముఖ్యము. మూడవది, శిక్ష మెట్లుమెట్లుగా ఉండవలెను. ఒక కేబుల్ నిర్వాహకుని వ్రాత తప్పినదని అంకెలను ఒక్కసారి రద్దు చేసినచో, చీకటిలో పడునది అతడు కాదు. అతని తీగలపై ఆధారపడిన బడి, ఆసుపత్రి, బ్యాంకు. మొదట హెచ్చరిక, పిదప బహిరంగమైన గుర్తు, తరువాత క్రొత్త సేవల నిలుపుదల, చివరకు మాత్రమే రద్దు. నాల్గవది, పట్టీ వ్రాయువానికిని తనిఖీ ఉండవలెను. ఏ వ్రాతను ఎవరు, ఎప్పుడు మార్చిరో చెరపరాని విధముగా నిలువవలెను.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక్క గంటలో ప్రత్యక్షముగా చూపవచ్చును. పాఠశాల రూటరు తన వెలుపలి అంకెగా చూపుచున్నదానిని ఒక కాగితముపై వ్రాయించుడు. అది 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో ఆరంభమైనచో, ఆ పాఠశాల అనేకులతో కలిసి ఒక అంకెను పంచుకొనుచున్నదని గ్రహింపవచ్చును. ఆ గుంపు 2012లో ఇందుకే ప్రత్యేకింపబడెను. తరువాత లోకమునకు కనబడు అంకెను తెలిసికొని హూయిజ్‌లో అడిగించుడు. వచ్చిన జవాబులో ఎవరి పేరు, ఏ ఊరు, ఏ తేదీ ఉన్నవో వ్రాయించుడు. ఆ జవాబునుబట్టి ఒక అపరిచితుడు మన పాఠశాలను కనుగొనగలడా? కనుగొనగలుగుట మంచిదా? మన అంకెనుండి ఎవరైన తప్పుపని చేసినచో, తప్పు చేయనివారిని కాపాడుటకు ఏ వివరము కావలెను? ఈ మూడు ప్రశ్నలను విద్యార్థులచే చర్చింపజేయుడు.

మూడవ ప్రశ్నకు వారు చెప్పు సమాధానమే ఈ వ్యాసపు సారము. సత్యమైన పట్టీ దొంగను పట్టుకొనుటకు మాత్రమే కాదు. దొంగ కానివానిని విడిపించుటకు కూడ. 2007లో చెరసాలలో 50 దినములు గడపిన ఆ యువకునకు అట్టి పట్టీయే దిక్కుగా ఉండవలసినది. అందుచేత పట్టీని నిలుపు నియమమును తూచునప్పుడు, అది ఎందరిని శిక్షించెనని కాక, పట్టీని దిద్దుకొను అవసరమును ఎందరికి కలిగించెను, తప్పును దిద్దించుకొను దారిని ఎందరికి తెరచెను అని అడుగవలెను.